ఎడమ చెంప మీద సొట్ట

నేను ఒక టాక్సీకి ఎడమవైపు ముందు మడ్‌గార్డును. జాతి చేత ఉక్కు రేకును. బతుకు వ్యాపారం మొదలుపెట్టిన నాడు నా దగ్గరున్న సరుకు ఇంతే: బరువు, నునుపు, చక్రం మీద గొడుగులా వంగిన ఒక వంపు. మొదటి రెండింటినీ చూసుకుని మిడిసిపడ్డాను. వంపును లెక్కలోకే తీసుకోలేదు. ఎంత గట్టి బేరగాడికైనా తన కొట్లో అసలు సరుకు ఏ మూలనుందో మొదట్లో తెలియదు.

భీమిలిలో బంగార్రాజు, పైడితల్లి అనే దంపతులు మా కారును పాతబడ్డాక కొన్నారు. వాళ్ల పొయ్యి వెలగాలంటే ఆ కారు తిరగాలి. పైడితల్లి కూడా నడపడం నేర్చుకుంటూ, ఓ ఉదయం నన్ను తీసుకుపోయి ఒడ్డున నిలిపిన పడవ ముక్కుకు గుద్దింది. ఆ పడవ ఆమె అన్న ఎల్లాజీది. నాకు అరచేయంత సొట్ట పడింది.

“ఏనుగంత పడవ కనపళ్లేదేటే నీకు?” అన్నాడు ఎల్లాజీ.

“దారికడ్డంగా ఎట్టినోడివి నువ్వు. నన్నంటావేటి?” అంది పైడితల్లి.

ఆ తగువూ తెగలేదు, నా సొట్టా పోలేదు.

తర్వాత అన్నీ నష్టాలే. సముద్రపు గాలి చప్పుడు చెయ్యకుండా రోజూ ఇంత కొరుక్కుపోయింది. రంగు ఉబ్బింది, రేకు పెచ్చులూడింది. ఫిట్‌నెస్ పరీక్షలో ఇన్‌స్పెక్టరు బొటనవేలితో నొక్కితే వేలు అవతలికి పోయింది. ఇది మార్చేదాకా బండి రోడ్డెక్కకూడదన్నాడు. మా రకం కార్ల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. పాత సామాన్ల కొట్లలో దొరికినవి నాకంటే ముసలివి. ఇక కారును తుక్కుకింద ఇచ్చేద్దామన్నాడు బంగార్రాజు.

“పడవలకి ఫైబర్ ఏసే మా అన్న దీనికి ఎయ్యలేడేటి?” అంది పైడితల్లి.

“ఏత్తాడు. రెండు తెడ్లు కూడా ఏత్తాడు, అడుగు!”

ఆమె నిజంగానే అడిగింది. ఎల్లాజీ తన పాకలో నన్ను బల్ల మీద పెట్టి, కన్నాలన్నీ లప్పంతో పూడ్చి, గరుకు కాగితంతో రుద్దాడు. సొట్ట దగ్గరికొచ్చి చెయ్యి ఆపాడు.

“ఇది పూడ్చను బావా. మా సెల్లి డ్రైవింగుకి సాచ్చికం.”

“ఉండనీ. నువ్వు దారికి అడ్డెట్టినదానికీ అదే సాచ్చికం,” అంది పైడితల్లి.

మనుషులు తమ తప్పును దాచుకుంటారు, ఎదుటివాళ్ల తప్పును మాత్రం భద్రంగా దాచి ఉంచుతారు. ఆ గుణం పుణ్యమా అని నా సొట్ట బతికిపోయింది.

నా ఒళ్లంతా మైనం పూసి, గాజునార పరిచి, దానిమీద రెజిన్ అనే జిగురు అద్దాడు. అది గట్టిపడితే నా అచ్చు వస్తుంది. మైనం ఎక్కడ తప్పినా అచ్చు నన్ను వదలదు. అప్పుడు రెండూ ముక్కలే, కారు తుక్కే. మర్నాడు అంచు సందులో చెక్క మేకులు దిగ్గొట్టినా అచ్చు కదల్లేదు. బంగార్రాజు తల పట్టుకుని కూర్చున్నాడు. ఎల్లాజీ, పడవలకు చేసినట్టే, సందులో నీళ్లు పోసి అరచేత్తో చరిచాడు. ఫట్‌మని ఊడింది. చూద్దును కదా, నా వంపంతా సొట్టతో సహా దాని కడుపులో ఉంది!

ఆ అచ్చులోంచి తేలికైన, తుప్పెరగని ఫైబర్ మడ్‌గార్డు పుట్టింది. కుడి మడ్‌గార్డు, బానెట్టు కూడా అదే దారి పట్టాయి. ఈసారి ఇన్‌స్పెక్టరు నొక్కితే నొప్పి ఆయన వేలికే పుట్టింది.

“ఇది ఇనుము కాదే?” అన్నాడు.

“కాదండి. సంద్రం మీద ఆరితేరిన సరుకండి,” అంది పైడితల్లి.

కారు రోడ్డెక్కింది. అది చూసి మా రకం కార్లే నడిపే మిగతా టాక్సీలవాళ్లు ఎల్లాజీ పాకకు వరస కట్టారు. ఒకడు సొట్ట తడిమి నిలదీశాడు: “కొత్తదానికి సొట్టేటన్నా?”

“అది కంపెనీ సొట్ట. అది లేకపోతే డూప్లికేటని సెప్పు,” అన్నాడు ఎల్లాజీ, చెల్లెలివైపు చూడకుండా.

ఇప్పుడు నేను ఆ పాకలో వలల కుప్పకు మూతను. ఇక్కణ్ణుంచి రోడ్డు బాగా కనిపిస్తుంది. లెక్క చూసుకుంటే, బరువు తుప్పుకింద పోయింది, నునుపు ఉప్పుగాలికి పోయింది. మిగిలింది నేను లెక్కలోకి తీసుకోని ఆ వంపే. పోయింది ఒక రేకు. వచ్చింది భీమిలి టాక్సీల ఎడమ చెంప. సొట్ట కొసరు.