దవాఖాన దీపానికి ఇజాజత్

పొద్దు పొడవకముందే సీమోను నిచ్చెనెక్కి, దవాఖాన పిట్టగోడ మీదున్న దీపం అద్దాన్ని తుడుస్తున్నాడు. ఆ దీపం వెలిగి అప్పటికి కొన్ని దినాలైంది. వెలగని దీపానికి మసి ఎక్కడిది? అయినా తెల్లవారగానే అద్దాన్ని బూడిదతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి రుద్దకపోతే ఆయనకు గంజి కూడా గొంతు దిగదు. ఎండుకట్టెలాంటి మనిషి. వేళ్ళ కొసలు ఎన్నోసార్లు కాలి కాలి, వేడి తగిలినా తెలియనంతగా మొద్దుబారాయి. ఎడమ కనుబొమ సగం ఎప్పుడో మంటకు పోయింది, మళ్ళీ మొలవలేదు. ఇబ్రహీంపట్నంలో ఆయన్ను దీపాల సీమోను అంటే తప్ప గుర్తుపట్టరు.

అది మిషనువాళ్ళు కట్టిన రెండు గదుల చిన్న దవాఖాన. ఊరి మొదట్లో ఉంది. అక్షరం ముక్క రాని పల్లెలవాళ్ళ కోసం బోర్డు రాయించి ఏం లాభమని, పిట్టగోడ మీద ఒక రేకు పెట్టె పెట్టించారు. దాని ముందు వైపు సిలువ ఆకారంలో కోసి, వెనక ఎర్ర అద్దం బిగించారు. లోపల గ్యాసునూనె దీపం. మునిమాపున సీమోను దాన్ని వెలిగిస్తే, చెలకలకు అవతలి ఊళ్ళ నుంచి కూడా అది కనిపించేది. ఊరికి ఆ చివర, చెరువుకట్ట పక్కన దర్గా ఉంది. అక్కడ ఆకుపచ్చ దీపం. చీకట్లో బండి తోలుకొచ్చేవాళ్ళకు ఈ రెండు దీపాలే గుర్తులు. ఎర్రది కనిపిస్తే దవాఖాన, దానికి ఎదురుగా పోవాలి. పచ్చది ముందు కనిపిస్తే చెరువు దిక్కు పోతున్నట్టు, బండి కుడికి మలపాలి. చుట్టుపక్కల ఊళ్ళలో చిన్నపిల్లల్ని అడిగినా ఈ సంగతి చెప్పేవారు.

రజాకార్లు తిరిగిన రోజుల్లోనూ ఆ దీపాన్ని ఆర్పమని ఎవరూ అనలేదు. యూనియన్ మిలటరీ వచ్చింది, నిజాము సర్కారు పోయింది, ఇక బతికాం అనుకున్నారు జనం. కానీ ఎర్రజెండా సంఘం మనుషులు ఇంకా రాచకొండ గుట్టల్లోనే ఉన్నారు. వాళ్ళకోసం రాత్రిళ్ళు గాలింపు. ఎక్కడ ఎర్రగా కనిపించినా అనుమానమే. అప్పుడు దండోరా వేశారు: భవనాల మీద వెలిగే గుర్తు ఏదైనా సరే, సర్కారు కచేరీ ఇచ్చే ఇజాజత్, అనుమతి, లేకుండా వెలిగించకూడదు. ఆ సాయంత్రమే సీమోను దీపం ఆర్పేశాడు.

అల్లుడు బుగ్గయ్య ఆ సంగతి విని కొంగరకలాన్ నుంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఆర్పుడేంది మామా? మరియకు కాన్పు దినాలు దగ్గరబడ్డయ్. రోడ్డు మీద మిలటరీ చౌకీ ఉన్నది, రాత్రిపూట బండిని పోనియ్యరు. చెలకలకెళ్ళి రావాలె. దీపం లేకుంటె ఏడికని తోలాలె నేను?"

"ఇంక పదిహేను దినాలున్నదని నర్సు లీదియమ్మ చెప్పింది గద. ఆదివారం పొద్దుగాల బిడ్డను తోల్కరా, నా కాడ్నే ఉంటది."

"నొప్పులు ఆదివారం దాక ఆగుతయా? ఎవన్నడిగేదేంది మామా, ఎలిగియ్యి. మనం దొంగతనం జేస్తున్నమా?"

సీమోను తల అడ్డంగా ఊపాడు. ఆ తల అంతే, అడ్డంగా ఊగడం అడగకుండా చేసే పనులకే నేర్చుకుంది. చిన్నతనంలో దొర గడీలో వెట్టి చేసినవాడు. గడీ ముందు నుంచి చెప్పులేసుకుని నడవాలన్నా, ఇంట్లో పెళ్ళి పెట్టుకోవాలన్నా, పీనుగను ఎత్తాలన్నా అడగాలి. ఒకసారి అడగకుండా బావిలో నీళ్ళు తోడినందుకు తండ్రిని ఎండలో వంగబెట్టి వీపు మీద రాయి పెట్టారు. కొడుకు చూస్తూ నిలబడ్డాడు. అప్పటినుంచి అడిగి చేసిన పనికి ఏ కీడూ రాదని సీమోను గట్టిగా నమ్మాడు. ఊళ్ళో పడుచువాళ్ళు సంఘంలో చేరి కట్టెలూ వడిసెలలూ పట్టుకున్నప్పుడు కూడా ఆయన దీపం చిమ్నీ పట్టుకునే ఉన్నాడు. పిరికివాడని నవ్వుకున్నవాళ్ళూ ఉన్నారు. నవ్వనీ. ఆ దీపం చూసుకుని వచ్చి బతికి వెళ్ళినవాళ్ళు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు.

మరియ ఒక్కతే బిడ్డ. తల్లి బుగ్గమ్మ గత్తర జబ్బులో పోతే, దవాఖాన వరండాలోనే పెంచాడు. మరియకు కాళ్ళు బాగా పొంగాయని, ఇంటి దగ్గర కాన్పు వద్దేవద్దని నర్సు లీదియా ముందే హెచ్చరించింది. అందుకే ఆ పొద్దున అద్దం తుడవడం అయ్యాక, పాత సర్కారు ఇచ్చిన ఇజాజత్ కాగితాన్ని అంగీ జేబులో పెట్టుకుని సీమోను కచేరీకి బయలుదేరాడు. ఎలాగైనా పొద్దుగూకేలోగా దీపం వెలగాలి.

కచేరీ గుమాస్తా శివయ్య పంతులు కాగితం చూసి పెదవి విరిచాడు.

"పాత సర్కారే పోయింది, దాని ఇజాజత్ ఏడ చెల్తది సీమోనూ? రేపు రా."

"రేపటిదాంక ఆగే పని గాదు పంతులూ. నా బిడ్డ కాన్పుకున్నది."

"కాన్పు నీ బిడ్డకా, దీపానికా?" అని నవ్వాడు శివయ్య. చెడ్డవాడేం కాదు, నోరే అంత. కాసేపటికి తనే బయటికొచ్చి, "కూసో. కొత్త దొర వస్తె మాట జెప్త," అన్నాడు.

సీమోను గోడ నీడన కూర్చున్నాడు. నీడ జరిగితే తనూ జరిగాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి ఒప్పుకున్నాడు గాని దేవుడి జాడే లేదు. పొద్దు నడినెత్తి దాటాక మిలటరీ అధికారి జీపు దిగాడు. లోపలికి పిలిపించాడు. సీమోను చేతులు కట్టుకుని నడుము వంచాడు. "బాంచెను" అన్న గడీనాటి బానిస మాట ఎవరూ అడగకుండానే నోటి నుంచి జారింది.

అధికారి మర్యాదస్తుడే. సంగతంతా విన్నాడు, కిటికీలోంచి గుట్టల వైపు ఒకసారి చూశాడు, హిందీలో ఏదో చెప్పాడు. శివయ్య తెలుగులో చెప్పాడు.

"దవాఖాన అంటున్నవ్ గాబట్టి ఇస్తుండు. ఎర్రది మాత్రం వద్దు, అది గుట్టల్లకు సైగ లెక్క గొడ్తదట. తెల్లది గుడ వద్దు, తెల్లది మిలటరీ చౌకీలది. ఇంకేదన్న రంగు పెట్టుకో. సమజైందా?"

"అయింది, దొరా. మస్తు, గదే సాలు."

కొత్త కాగితం మీద ముద్ర పడింది. దాన్ని నాలుగు మడతలు వేసి జేబులో పెట్టుకుని బయటికొచ్చేసరికి సీమోను అడుగులు నేల మీద నిలవలేదు. కచేరీ ముందు చేపల జంగమ్మ ఖాళీ గంప ఎత్తుకుంటోంది. ఆమెది కొంగరకలానే.

"జంగమ్మా, జర మా బుగ్గయ్యకు చెప్పు. దీపానికి ఇజాజత్ దొరికింది, ఈ రాత్రికెళ్ళి ఎలుగుతదని చెప్పు. ఫికర్ చెయ్యొద్దను."

"ఇంటికి పోంగనే చెప్త తియ్యన్నా," అని ఆమె వెళ్ళిపోయింది.

ఆ తర్వాతే రంగు అద్దం వేట. కిరాణా కొట్లో లేదు, రేకుపని చేసేవాడి దగ్గర లేదు. ఊరంతా తిరిగి చివరికి దర్గా దగ్గరికి వెళ్ళాడు. అక్కడి ముజావర్, దర్గా చూసుకునే మనిషి, మిలటరీ వచ్చాక భయపడి భార్యాపిల్లలతో హైదరాబాదు వెళ్ళిపోయాడు. ముసలి తల్లి మాత్రం కదలనంది. దర్గా దీపం వెలిగించే దిక్కు లేక మూలన పడి ఉంది. సీమోను అడగడానికి మొహమాటపడుతుంటే ఆమే దాన్ని తెచ్చి ముందు పెట్టింది.

"తీస్కపో సీమోనూ. నా కొడుకు వచ్చేదెప్పుడో, నేనుండేదెప్పుడో. ఆడ ఎలిగితే నలుగురు బతుకుతరు. అల్లాకు ఏడ ఎలిగినా ఒకటే."

సీమోను ఆమె కాళ్ళకు దండం పెట్టాడు. ఆ ఆకుపచ్చ అద్దాల్ని ముక్కలుగా కోయించి, ఎర్ర అద్దం తీసేసిన చోట మైనంతో అతికించాడు. పొద్దు గుంకింది. అగ్గిపుల్ల గీశాడు. పిట్టగోడ మీద సిలువ లేతాకులా వెలిగింది. లీదియా వాకిట్లోకొచ్చి తలెత్తి చూసి, "ఎంత చల్లగుంది సీమోనన్నా, కండ్లకు," అంది. సీమోను నిచ్చెన మీదే కూర్చుని చాలాసేపు చూశాడు. సిలువ సిలువే, రంగేదైతేనేం అనుకున్నాడు.

అక్కడే తట్టవలసింది తట్టలేదు. దవాఖాన కట్టిన నాటినుంచి ప్రతి రాత్రీ ఆయన ఆ దీపం కిందే ఉన్నాడు. వెలిగించినవాడు, తుడిచినవాడు, గాలివానలో గోనెపట్టా కప్పి కాపాడినవాడు. చీకటి పడ్డాక దాన్ని దూరం నుంచి ఒక్కసారి కూడా చూసినవాడు కాదు. దగ్గర్నుంచి చూస్తే అది సిలువ. దూరం నుంచి అది రంగు మాత్రమే. అలవాటైన పనిలో మనిషికి ఇలాంటి గుడ్డితనం వస్తుంది. దానికి ఎవర్ని తిట్టాలి?

చాలా దినాల తర్వాత ఆ రాత్రి సీమోను కంటినిండా నిద్రపోయాడు.

తెల్లవారుజామున ఎద్దుల మెడగంటలు వినిపించి లేచాడు. బండి రావలసిన దిక్కు నుంచి కాక ఊరి కింది పొలాల వైపు నుంచి వస్తోంది. చక్రాలకు ఇరుసు దాకా బురద. బుగ్గయ్య బండి మీద లేడు, పగ్గం పట్టుకుని ఎద్దుల ముందు నడుస్తున్నాడు. బండిలో అతని తల్లి పోశమ్మ కూర్చుని ఉంది, ఒళ్ళో మరియ తల పెట్టుకుని. పోశమ్మ ఏడవడం లేదు. కోడలి జుట్టును వేళ్ళతో సవరిస్తోంది, అంతే.

లీదియా బండెక్కింది. వెంటనే దిగలేదు. దిగాక సీమోను మొహం చూడలేక, నిచ్చెన వంక చూస్తూ అంది.

"ఇద్దరూ లేరు సీమోనన్నా."

బుగ్గయ్య పగ్గం వదలకుండానే మాట్లాడాడు. రాత్రంతా ఎద్దుల్ని అదిలించి గొంతు బొంగురుపోయింది.

"జంగమ్మ చెప్పింది మామా, దీపం ఎలుగుతదని. సందెల్నే నొప్పులు మొదలైనయ్. ఇంక భయం లేదని బండి కట్టిన. చెలకలకెళ్ళి వస్తాంటె పచ్చదే కనబడ్డది. దర్గా దిక్కు పోతున్నమనుకొని కుడికి మలిపిన. ఎర్రది కనబడాలె గద, ఇంక జర, ఇంక జర అని పోయిన. కాల్వల బండి దిగబడ్డది. గుంజిన, నేను గుడ కాడి కింద భుజం బెట్టిన. మరియ నిన్ను పిలిసింది మామా. సాన సేపు పిలిసింది." ఆగి, చిన్నపిల్లవాడిలా అడిగాడు. "ఎర్రది ఎందుకు పెట్టలే?"

సీమోను చెయ్యి జేబు మీదికి వెళ్ళింది. "ఇజాజత్ తెచ్చిన బిడ్డా," అన్నాడు. ఆ మాట తన చెవికే సోకి, అక్కడే మట్టిలో కూలబడ్డాడు. ఏడ్చాడు. గడీలోనూ ఏడవనివాడు, భార్య బుగ్గమ్మ పోయినప్పుడు బిడ్డ బెదిరిపోతుందని ఏడుపు మింగినవాడు, ఆ పొద్దు ఊరు వినేలా ఏడ్చాడు.

మధ్యాహ్నానికి తల్లినీ బిడ్డనూ ఒకే గుంటలో పెట్టి మట్టి కప్పారు. సాయంత్రం లీదియా నిచ్చెనను గోడ నుంచి తీసి పక్కన పడేసింది.

"ఈ రాత్రి వద్దు, సీమోనన్నా."

"వద్దనకమ్మా. నువ్వే ఎలిగియ్యి. నేను పోయి సూసొస్త."

"ఏం చూస్తవ్?"

ఆయన అప్పటికే వాకిలి దాటాడు. పొలాలకడ్డంగా బండి చక్రాల జాడ పట్టుకుని నడిచాడు. జాడ వంకరటింకరగా పోయింది. ఒకచోట ఆగినట్టుంది, మళ్ళీ మలుపు తిరిగింది. పాపం బుగ్గయ్య అక్కడ నిలబడి నాలుగు దిక్కులూ చూసి ఉంటాడు. కాలువ దగ్గరికి చేరేసరికి మసక కమ్మింది. సీమోను వెనక్కి తిరిగాడు. దూరాన చెట్ల పైన చిన్న పచ్చని చుక్క. సిలువ లేదు, దవాఖాన లేదు. ఏళ్ళ తరబడి ఆ ఊరివాళ్ళంతా చూసిన దర్గా దీపమే అది. తనైనా కుడికే మలిపేవాడు. ఆ సంగతి తెలిశాక గుండెలో బరువు తగ్గుతుందేమో అనుకున్నాడు గాని, తగ్గలేదు.

కాలువలో బండి దిగబడ్డ చోట నీళ్ళు ఇంకా తేటపడలేదు. ఎద్దుల గిట్టలు, బుగ్గయ్య పాదాలు, ఒత్తుకుపోయిన గడ్డి. బండిని తేలిక చేయడానికి దించిన సామాను గట్టు మీదే మరిచిపోయారు. ఒక నీళ్ళ ముంత పక్కకు ఒరిగి ఉంది. దాని పక్కన, తడి తగలకుండా రాయి మీద ఎత్తి పెట్టిన చిన్న మూట. మెత్తని పాత నూలుచీరను చింపి, ఉతికి, మడతలు పెట్టి పుట్టబోయే బిడ్డకు మరియ సిద్ధం చేసుకున్న పొత్తిగుడ్డలు. మూటకు వేసిన ముడి వేసినట్టే ఉంది.