పుల్లమ్మ పట్టుకున్న వణుకు

ఆరు నెలలకోసారి, స్కానింగు రోజున, పుల్లమ్మ పొద్దున్నే లేచి అన్నం వండి డబ్బాలో పెట్టుకుని, మొగుడికి చొక్కా గుండీలు పెట్టి, హెబ్బగోడిలో ఆసుపత్రికి పోయే బస్సెక్కించేది. చెన్నయ్య ఒకప్పుడు పెద్ద పెద్ద బిల్డింగులకు ఇనుప కంబీ కట్టినవాడు. ఇప్పుడు కుడిచెయ్యి కుదురుగా ఉండదు. పార్కిన్సన్స్ అన్నారు. ఆ జబ్బులో మెదడు లోపలి దారులు ఎట్లా మారతాయో బొమ్మలు తీసి చూసే పరిశోధనలో అతని పేరు రాసుకున్నారు, మందులు కూడా వాళ్ళే ఇస్తున్నారు.

ఆ యంత్రంలో తల ఇసుమంత కదిలినా బొమ్మ చెదిరిపోతుంది. అందుకని రోగి వణుకును తోడు వచ్చినవాళ్ళు కాసేపు పట్టుకోవాలి. అరచేతికి అరచెయ్యి ఆనించి రోగి ఊపిరి వదిలితే చాలు, అది ఇటు వచ్చేస్తుంది. బయట బెంచీ మీద భార్యలూ తమ్ముళ్ళూ కోడళ్ళూ వణికే చేతులు ఒళ్ళో పెట్టుకుని పిల్లల చదువుల గురించి మాట్లాడుకునేవారు. స్కానింగు చేసే సమీనా వచ్చి అయిపోయిందని చెప్పగానే ఎవరిది వాళ్ళకు ఇచ్చేసి, చెప్పులేసుకుని వెళ్ళిపోయేవారు.

పుల్లమ్మకు అది బరువనిపించేది కాదు. చాలాకాలంగా ఆమెకు ఏదీ ఏమీ అనిపించేది కాదు. చిక్కపేట చీరల కొట్లకు కొంగు కుచ్చులు కట్టేది. పట్టుదారం పేనేది, ముడి వేసేది. అది ఎవరి పెళ్ళి చీరో అని ఎన్నడూ అనుకోలేదు.

నాలుగో స్కానింగు అయ్యాక డాక్టర్ అభిజిత్ ఇద్దర్నీ లోపలికి పిలిచి తెర మీద బొమ్మ చూపించాడు. ఎప్పుడూ చీకటిగా ఉండే చోట సన్నటి గీత ఒకటి వెలుగుతోంది. వణుకు దూరంగా ఉన్న ఆ కాసేపట్లోనే పాత దారి తెరుచుకుంటోందట. ఒక ఏడాది ఆ వణుకును పుల్లమ్మే ఉంచుకుంటే చెన్నయ్యకు పూర్తిగా నయమవుతుంది. కాకపోతే ఏడాది దాటాక అది ఆమెదే అయిపోతుంది, తిరిగి ఇవ్వడం కుదరదు. ఇష్టమైతేనే సంతకం పెట్టమన్నాడు. మంచి మనిషి.

"ఎక్కువ నడిచిన దారే ముందు తెరుచుకుంటుందమ్మా. ఆ చేత్తో ఆయన ఏ పని ఎక్కువ చేశారో అదే ముందు వస్తుంది," అన్నాడు.

"కంబీ కట్టేదే సార్. ముప్పై ఏండ్లు అదే పని," అన్నాడు చెన్నయ్య సంబరంగా.

సాయంత్రం దాకా వణుకును ఉంచుకుని, ఆలోచించుకుని చెప్పమని కాగితం చేతికిచ్చి పంపాడు డాక్టరు. బెంచీ మీద వాళ్ళు అప్పటికే పుల్లమ్మను పతివ్రతను చేసేశారు. మొగుడి కోసం ఆ మాత్రం చెయ్యకపోతే ఎట్లా అంది ఒకావిడ. కుచ్చులు కట్టే చేతులు ఏమైపోతాయని ఎవరూ అడగలేదు. అసలు సంగతి అదీ కాదు. చెన్నయ్య చెయ్యి వణకడం మొదలైన నాటి నుంచే ఆ ఇంట్లో దెబ్బలు ఆగిపోయాయి. ఈ ఐదేళ్ళూ ఆమె కంటినిండా నిద్రపోయిందంటే ఆ జబ్బు పుణ్యమే. పైకి చెప్పుకునే మాట కాదు గనక చెప్పుకోలేదు.

క్యాంటీనులో టీ తెచ్చింది. ఆమె చెయ్యి వణికి కప్పు ఒలికింది, చెన్నయ్య పంచె తడిసింది. అతని కుడిచెయ్యి లేచింది. వణకకుండా, సూటిగా, ఆమె చెంప ఎత్తుకు లేచి అక్కడే నిలబడింది.

చెన్నయ్య తన చేతికేసి తానే చూశాడు.

"నేను గాదుమే," అన్నాడు మెల్లగా. "అదే లేసింది."

అతను అబద్ధం ఆడటం లేదని పుల్లమ్మకు తెలుసు. ఆమెకు భయం వెయ్యలేదు, కోపమూ రాలేదు. డాక్టరు సరిగ్గానే చెప్పాడనుకుంది.

"చెయ్యి ఇట్లియ్యి," అంది.

అతను దించి ఇచ్చాడు. ఆమె తన అరచెయ్యి ఆనించి ఊపిరి వదిలింది.

కాగితంలో వద్దు అన్న గడిలో గీత చూసి, ఇంకోసారి ఆలోచించుకోమంది సమీనా.

"ఆయనది ఆయన దగ్గరే ఉండనీమ్మా," అంది పుల్లమ్మ.

సమీనా ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూసి, కాగితం ఫైల్లో పెట్టి తరువాతి పేరు పిలిచింది.

ఇంటికొచ్చాక పుల్లమ్మ అన్నం కలిపి, ముద్దలు చేసి, మొగుడి నోటికి అందించింది. చెన్నయ్య తిన్నాడు. ఎందుకిచ్చేశావని ఆ రోజు అడగలేదు. ఆ తరువాత కూడా ఎన్నడూ అడగలేదు.