దించని దుంగ

పంజరంలో కట్టిన తొర్ర దుంగలోకి సీతయ్య మోచేతి దాకా చెయ్యి దూర్చి చివరి చిలకపిల్లను బయటికి తీశాడు. ఈకలింకా రాని ఎర్రటి ముద్ద. చేటలో పాతగుడ్డ మీద తోబుట్టువుల పక్కన పడుకోబెట్టాడు. దసరాకు దివాణం వీటిని జగదల్‌పూర్‌ రాజుకు కానుకగా పంపుతుంది. చేత్తో మేపితేనే చిలక మనిషికి మాలిమవుతుంది. పిల్లలకు జావ పోయడం భార్య సన్నే పని. పిల్లల్ని పోగొట్టుకున్న చిలకల జంటను బతికించుకోవడం సీతయ్య పని.

ఆ పని తండ్రి నేర్పాడు. పిల్లల్ని తీసిన పూటే దుంగ దించెయ్యాలి. తీసినదాన్ని తిరిగి పెట్టకూడదు. ఎందుకని సీతయ్య అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఈసారి తల్లి చిలక ఊరుకోలేదు. తొర్రలోకి పోవడం, రావడం, అరవడం. నిరుడు ఒకటి ఇలాగే తిండి మాని రాలిపోయింది. సీతయ్య దుంగ దించబుద్ధి కాక, పండుమిరపకాయ పట్టుకుని ఊచల దగ్గరే కూచున్నాడు.

"నేనలిగి పండుకుంటె ఒక్కనాడన్న ఇట్ల బతిలాడినవా మావా?" అంది సన్నే జావ కలుపుతూ.

"నువ్వు తినకుండ ఎన్నడున్నవే?"

ఆమె నవ్వింది. చేతిలో ఇత్తడి ఉగ్గుగిన్నె. కానుపుకు ముందే సంతలో కొన్నది. ఆ బిడ్డ చుక్క తాగకుండానే పోయాడు. అప్పట్నుంచి దాంతో చిలక పిల్లలే తాగాయి.

ఆమె నీళ్ళకు పోగానే సీతయ్య చిన్నపిల్లను తీసుకెళ్ళి మళ్ళీ దుంగలో పెట్టేశాడు.

తల్లి లోపలికి పోయింది. అరుపు ఆగింది. కాసేపటికి బయటికొచ్చింది. మగది దాని దగ్గరికి జరిగి, ముక్కులో ముక్కు పెట్టి మేపింది. అది ఓదార్పనుకున్నాడు సీతయ్య. ఆడది మిరపకాయ అందుకుని, కాలితో పట్టి గింజలు ఒలుచుకు తింది. అతని ప్రాణం కుదుటపడింది. గోడకానుకుని కునుకు తీశాడు.

లేచి పిల్లను చూద్దామని చెయ్యి దూర్చాడు. వేళ్ళకు తడి తగిలింది. పిల్ల తలమీద చర్మం లేదు. పైన మగది మెడ వంచి నాట్యమాడుతోంది. ఆడది తొర్ర అంచు కొరికి కొత్త పొట్టు రాలుస్తోంది.

తండ్రి చెప్పనిది అప్పుడు తెలిసింది. దుంగ వేలాడుతుండగానే అవి మళ్ళీ గుడ్లకు సిద్ధమయ్యాయి. లోపలున్నది ఇంక పిల్ల కాదు, అడ్డం.

చెయ్యి తొర్రలోనే ఉండిపోయింది.

"చిన్నదేది మావా?" అంది నీళ్ళతో వచ్చిన సన్నే, చేటలోకి చూస్తూ.

చెయ్యి బయటికి తీసి, పిడికిలి విప్పి చూపించాడు.

సన్నే వంగి చూసింది. "తల్లేనా?"

"తల్లే."

సన్నే కొంగులో పిల్లను తీసుకుని పాతిపెట్టడానికి ఇప్పచెట్టు వైపు నడిచింది. సీతయ్య దుంగ దించాడు. ఆడచిలక మిరపకాయ ఒలుస్తూనే ఉంది.

చేట పక్కన ఉగ్గుగిన్నెలో చిన్నదాని వంతు జావ పొర కట్టి, పోసే కొమ్ము దాకా ఆరిపోయింది.