ఎలీసమ్మ సాక్ష్యం

"నీ సాక్ష్యం నేను చెప్తాలే, నువ్వు అన్నం సంగతి చూసుకో" అన్నాడు ఏసేపు.

అప్పుడు ఎలీసమ్మ వంటింట్లో గరిటెలు, పెద్ద గిన్నెల మూతలు గోనెసంచిలో సర్దుతోంది. దసరా సెలవులు మొదలైన రోజది. బడిలో తోటి టీచర్లు గండికోట చూడటానికి బండి మాట్లాడుకుని ఆమెనూ రమ్మన్నారు. ఆమె నవ్వి ఊరుకుంది. దసరా సెలవులంటే కోడుమూరు సంఘానికి సువార్త యాత్ర, సువార్త యాత్రంటే పాస్టరు గారికి మైకు, పాస్టరమ్మకు పొయ్యి. పెళ్ళైనప్పటి నుంచీ అంతే. సెలవులు అయ్యాక మళ్ళీ బడికి పోయి, సెలవుల్లో ఏం చేశారో రాయమని పిల్లలకు చెప్తుంది. తనేం చేసిందో ఆమెను అడిగేవాళ్ళు లేరు.

ఆమె మొగుడు ఏసేపు పాస్టరు చెడ్డవాడని అనుకోకండి. తాగడు, కొట్టడు, ఎవరి సొమ్మూ తినడు. మన ఆడవాళ్ళం మొగుణ్ణి మెచ్చుకోవాల్సి వస్తే ముందు అతను చెయ్యనివే చెప్తాం. అర్ధరాత్రి ఎవరైనా జబ్బుపడ్డారని కబురొస్తే చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తే మనిషి. ప్రార్థనలో నిజంగానే ఏడుస్తాడు. ఊరంతటి కష్టం అతనికి కనిపిస్తుంది, తన పక్కనున్న మనిషిది తప్ప.

సాక్ష్యమంటే తెలుసు కదా, దేవుడు తన బతుకులో చేసిన మేలును పదిమందిలో నిలబడి చెప్పుకోవడం. ఎవరిది వాళ్ళే చెప్పుకోవాలి. ఎలీసమ్మది మాత్రం ఆమె మొగుడు చెప్తాడు. ఊరు మారుతుందే గానీ మాట మారదు. "ఆ పొద్దు నా భార్య చావు గడపలో ఉండాది. నేను ప్రొద్దుటూరు కూటాల్లో ఉన్నా. దేవుడు నా గుండెలో భారం పెట్టినాడు, మోకాళ్ళ మీద పడి ఏడిస్తి. ఆమె పక్కన దేవుడు తప్ప ఇంకెవరూ లేరు. ఆయనే ఆమెను లేపినాడు." జనం స్తోత్రం అంటారు. ఎలీసమ్మ ఎక్కడో వెనక అన్నం వారుస్తూ తనూ స్తోత్రం అంటుంది.

దేవుడు లేపలేదని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఆమెది గట్టి విశ్వాసమే. కాకపోతే ఆ రోజు దేవుడు హనుమంతమ్మ కాళ్ళతో నడిచొచ్చాడని ఆమెకు తెలుసు.

హనుమంతమ్మ అప్పట్లో వాళ్ళ పక్కింటి మనిషి. పత్తికొండ మార్కెట్టు నుంచి ఆటోలో టమాటాలు తెచ్చి వీధుల్లో అమ్మేది. రెండో కానుపుకు ఏడో నెల నడుస్తుండగా ఎలీసమ్మ నీళ్ళ బిందె దించబోయి, కాళ్ళ వెంట రక్తం చూసుకుని వాకిట్లోనే కూలబడింది. అత్త ప్రార్థన నూనె కోసం లోపల వెతుకుతోంది. హనుమంతమ్మ వచ్చి చూసింది, ఆటోలోని టమాటా గంపలన్నీ వీధిలోకి దింపేసింది, ఆమెను ఎత్తి అందులో వేసుకుని కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయింది. దారంతా ఆమె తల ఒళ్ళో పెట్టుకుని ఒకటే మాట. "కళ్ళు మూయొద్దు పాపా. నన్నే చూడు. నన్నే చూడు."

బిడ్డ దక్కలేదు. ఆడబిడ్డ. ఎలీసమ్మకు తెలివొచ్చేసరికి అంతా అయిపోయింది. అటునుంచి అటే అమ్మ కడపకు తీసుకుపోయింది. తేరుకుని కోడుమూరు వచ్చేసరికి పక్కింటికి తాళం, హనుమంతమ్మ కొడుకు దగ్గరికి సొంతూరు పోయిందన్నారు. బిడ్డను ఎక్కడ పెట్టారని మొగుణ్ణి అడిగితే "ఆసుపత్రోళ్ళే చూసుకోనింటారు, ఇప్పుడెందుకవన్నీ" అన్నాడు. ఆ తర్వాత అడగబుద్ధి కాలేదు. అడగకపోతే మరిచిపోయిందనే అనుకుంటారు కదా, ఇంట్లో అందరూ అట్లాగే అనుకున్నారు.

ఒకసారి ధైర్యం చేసి, "హనుమంతక్క పేరు కూడా ఒక మాట చెప్పకూడదా?" అంది. ఏసేపు కోప్పడలేదు, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. "మహిమంతా దేవునికే పోవాల. మనిషి పేరెత్తితే పంచినట్టయితాది. అది తప్పు." అత్త పక్కనుంచి అందుకుంది. "పాస్టరు పెండ్లామంటే సంఘానికి తల్లి. తల్లికి నోరు అన్నం పెట్టేదానికే గానీ సాక్ష్యం చెప్పేదానికి కాదు." నోటితో అన్నం ఎట్లా పెడతారో ఎలీసమ్మకు అర్థం కాలేదు గానీ, అర్థం చేసుకోవలసింది మాత్రం అర్థమైంది.

ఈ ఏడు యాత్రకు ఊళ్ళు అనుకుంటున్నప్పుడు ఆమె మొదటిసారి ఒక ఊరి పేరు చెప్పింది, పత్తికొండ దాటాక లోపలికి ఉండే పల్లె. "ఆడికి ఇంతవరకూ సువార్త పోలేదంట." ఏసేపు మురిసిపోయాడు. "చూడు, దేవుడే నీ నోట పలికించినాడు." ఎలీసమ్మ తల వంచుకుంది. అది హనుమంతమ్మ సొంతూరు. ఆమె ఉందో పోయిందో కూడా తెలియదు. ఒక్కసారి ఎదురుగా నిలబడి నీ వల్ల బతికినాను అక్కా అని చెప్పాలి, అంతే. ఇన్నేళ్ళుగా ఊరూరా కృతజ్ఞత చెప్తూనే ఉన్నారు, చేరాల్సిన మనిషికి మాత్రం చేరలేదు.

ఆ పల్లెలో బడి ముందు షామియానా వేశారు. వెనక గోడవారన మూడు రాళ్ళ పొయ్యిలు. పొద్దున మగవాళ్ళు పాటలు పాడుకుంటూ ఇల్లిల్లూ తిరిగారు. ఎలీసమ్మ పప్పు ఎనిపి, అన్నం వార్చి, వంకాయలు తాలింపు వేసేసరికి సూర్యుడు నడినెత్తికొచ్చాడు. అందరూ విస్తళ్ళ ముందు కూర్చున్నారు. ఏసేపు కళ్ళు మూసుకుని చేతులెత్తి మొదలుపెట్టాడు. "ఈ ఆహారం ఇచ్చినందుకు స్తోత్రం ప్రభువా. దీన్ని సిద్ధపరచిన చేతులను దీవించు తండ్రీ." ఆ చేతులు అప్పుడు పమిట చెంగుతో వేడి గిన్నె పట్టుకుని, ఎక్కడ దించాలో తెలియక నిలబడి ఉన్నాయి.

"ఎవరికమ్మే అంతసేపు చెప్తాండారు?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"వంట చేసినోళ్ళను దీవించమని దేవున్ని అడుగుతాండారు పెద్దమ్మా" అంది ఎలీసమ్మ, గిన్నె మీంచి చూపు తిప్పకుండానే.

"వండింది నువ్వే కదా. నీ గురించి చెప్పేదానికి కళ్ళు మూసుకోనేదెందుకు? ఇట్ల తిరిగి, నీ మొహం చూసి ఒక మాట అంటే ఏం పోతాది?"

ఆ గొంతు ఎక్కడున్నా మరిచిపోయేది కాదు. ఎలీసమ్మ గిన్నె కింద పెట్టి వెనక్కి తిరిగింది. జుట్టంతా తెల్లబడింది, ముందు పళ్ళు రెండు లేవు, కళ్ళు మాత్రం అవే. ఆమె కూడా ఒక్క క్షణం చూసి, "నువ్వు మన టీచరు పాపవు కాదూ" అంది. ఏళ్ళ తరబడి ఎలీసమ్మ లోపల సిద్ధం చేసుకున్న మాట ఒక్కటీ నోటికి రాలేదు. మసి చేతులతోనే ఆమె భుజం పట్టుకుని నిలబడిపోయింది.

"పొద్దున్నుంచి ఏమన్నా తిన్యావా?" అంది హనుమంతమ్మ. ఎలీసమ్మ ఆలోచించాల్సి వచ్చింది. "తినలేదులే, మొహమే చెప్తాండాది. పా, ఇల్లు ఈ సందులోనే." విస్తళ్ళ దగ్గరనుంచి ఎవరో "పాస్టరమ్మా, పప్పు" అని కేకేశారు. ఎలీసమ్మ అటు కదలబోతే హనుమంతమ్మ చెయ్యి వదల్లేదు. "వాళ్ళకు చేతులు లేవా? పెట్టుకుంటార్లే."

ఇంట్లో పీట వేసి కూర్చోబెట్టింది. చేతుల మీద నీళ్ళు పోసింది. జొన్నరొట్టె పెనం మీదనుంచి అట్లాగే తీసి పళ్ళెంలో వేసి, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి పక్కన పెట్టి, ఎదురుగా కూర్చుంది. ఎలీసమ్మ మొదటి ముక్క తుంచేసరికి వేళ్ళు కాలాయి. పెళ్ళయ్యాక తాను వేడివేడిగా అన్నం తిన్నది ఎప్పుడో గుర్తు తెచ్చుకోబోయింది, గుర్తు రాలేదు. అడగకుండా దొరికేదే కృప అని ఏసేపు వారం వారం చెప్తాడు. ఆమె ఆ మాట వేలసార్లు విన్నది, పిల్లలకు సండే స్కూల్లో వల్లె వేయించింది. అది నోటికి ఎట్లా ఉంటుందో ఈ పొద్దే తెలిసింది. తింటూనే ఏడ్చింది. హనుమంతమ్మ ఏడవద్దని అనలేదు, ఇంకో రొట్టె వేసింది.

తినడం అయ్యాక హనుమంతమ్మే మాట ఎత్తింది. "బిడ్డను యాడ పెట్టినానో నీకు చెప్పకుండానే వచ్చేస్తి. అది నన్ను తినేస్తానే ఉండాది."

ఎలీసమ్మ తలెత్తింది. "నువ్వా అక్కా?"

"మరెవరు? ఆసుపత్రోళ్ళు గుడ్డలో చుట్టి నా చేతికిచ్చిరి. మీ ఆయన రాలేదు. ఆడే వదిలేసేదానికి మనసొప్పలేదు. కోడుమూరికి తెచ్చి మీ సమాధుల తోటలో పెట్టినా, తూర్పు గోడ మూల, కానుగ చెట్టు కింద. మీవాళ్ళు సిలువ పెడతారు కదా అని రెండు పుల్లలు నా చీర పేలికతో కట్టి గుచ్చినా. మీ దేవునికేం చెప్పల్లో నాకు తెలీదు. బిడ్డ చిన్నది, జాగ్రత్తగా పట్టుకో సామీ అన్యా, అంతే." నవ్వింది. "మీవాళ్ళ తోటలోకి ఎందుకు పోతివని మావాళ్ళు శానా తిట్టినారు. తిడితే తిట్టినారు, బిడ్డ బిడ్డే కదా."

ఆ కానుగ చెట్టు ఎలీసమ్మకు తెలుసు. ఎవరింట్లో చావు జరిగినా ఆడవాళ్ళతో పాటు పోయి దాని నీడలో నిలబడేది. ఇన్నేళ్ళూ బిడ్డ పక్కనే నిలబడి, తెలియకుండా తిరిగొచ్చింది. దుఃఖం వచ్చింది, దాని వెనకే కోపం వచ్చింది, ఆ రెంటి వెనక ఎన్నడూ లేని నెమ్మది కూడా వచ్చింది. తన బిడ్డను దిక్కులేకుండా పారెయ్యలేదు. ఒక మనిషి ప్రార్థన చేసి మరీ పడుకోబెట్టింది.

"సాయంత్రం కూటానికి రా అక్కా" అంది లేస్తూ.

"నాకేం అర్థమైతాది మే అవన్నీ."

"నా కోసం రా."

వచ్చింది, ఉతికిన చీర కట్టుకుని. ముందు వరసలో చాప మీద కూర్చుంది. ఏసేపు మంచి ఊపు మీద ఉన్నాడు. వాక్యం అయ్యాక గొంతు తగ్గించి సాక్ష్యంలోకి వచ్చాడు. "ఆ పొద్దు నా భార్య చావు గడపలో ఉండాది." పొయ్యి దగ్గర ఎలీసమ్మ గరిటె ఆపింది. తన చూపంతా హనుమంతమ్మ మీదే ఉంది. "ఆమె పక్కన దేవుడు తప్ప ఇంకెవరూ లేరు."

హనుమంతమ్మ ముఖంలో కోపం లేదు, నొచ్చుకున్న జాడ కూడా లేదు. ఆయన స్తోత్రం చెప్పమంటే, అందరితో పాటు తనూ రెండు చేతులెత్తి బుద్ధిగా "స్తోత్రం" అంది.

అది చూశాక ఎలీసమ్మ అక్కడ నిలబడలేకపోయింది. గరిటె గిన్నె మీద పెట్టింది, చేతులు తుడుచుకుంది, జనం మధ్యలోంచి నడిచి మొగుడి ముందుకు పోయి నిలబడింది. "ఏమండీ, ఆ మైకు ఇట్లియ్యండి. నా సాక్ష్యం నేను చెప్పుకుంటా."

ఏసేపు మైకుకు చెయ్యి అడ్డం పెట్టాడు. "అన్నం?"

"దించినా."

"ఇప్పుడేం చెప్తావు? మనిషి పేర్లవీ ఎత్తొద్దు. మహిమ..."

"దేవుని మహిమ పంచితే తగ్గిపోయేంత చిన్నదేం కాదులెండి" అంది ఆమె, గొంతు పెంచకుండానే.

అతను ఆమె ముఖంలోకి చూశాడు. అంత దగ్గరగా చూసి చాలా కాలమైనట్టుంది, తడబడ్డాడు. మైకు ఇచ్చేముందు అలవాటు కొద్దీ జనం వైపు తిరిగి, "పాస్టరమ్మ గారు కృతజ్ఞత ప్రార్థన చేస్తారు, అందరూ కళ్ళు మూసుకోండి" అన్నాడు. అందరూ మూసుకున్నారు. ముందు వరసలో హనుమంతమ్మ కూడా గట్టిగా మూసుకుంది.

ఎలీసమ్మ మైకు అందుకుంది.

"ఎవరూ కళ్ళు మూసుకోవద్దండి. హనుమంతక్కా, నువ్వు కూడా మూయొద్దు. నన్నే చూడు."