ఆ గదిలో మాట

పొద్దుటి స్టాండప్ మీటింగు మొదలై ముప్పావుగంట దాటింది. పనుల చీటీలు అంటించిన బోర్డు ముందు టీమంతా నిలబడే ఉంది. మేనేజరు లక్ష్మీకాంత్ ఒక్కడే కుర్చీ లాక్కుని కూర్చుని, నిన్న మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఏం చేశావో చెప్పమని పవన్‌కుమార్‌ని నిలదీస్తున్నాడు. చివర నిలబడ్డ సింధూరి చున్నీని ఎద మీదికి లాక్కుంటోంది. లాక్కున్న కొద్దీ అది జారిపోతోంది. ఆమె లేత నీలం కుర్తా మీద రూపాయి బిళ్ళంత తడి మరక అరచేయంత అవడం హన్నా చూసింది.

సింధూరికి ఎనిమిది నెలల పాప. పొద్దున్నే సింగ్‌నగర్‌లో అత్తగారి చేతికిచ్చి గన్నవరం ఆఫీసుకి వస్తుంది. పదిన్నర ప్రాంతంలో బాత్‌రూమ్‌లోకి వెళ్ళి పాలు తీసేసుకుంటేనే మధ్యాహ్నం దాకా ఓర్చుకోగలదు. ఇప్పుడు పదకొండు కావస్తోంది.

"సర్, స్టాండప్ పావుగంటలో అయిపోవాలండి," అంది హన్నా.

"అవ్వాలి. మీ పనులు టైముకి అయితే నా మీటింగూ టైముకి అవుద్ది," అన్నాడు లక్ష్మీకాంత్.

ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్వకపోతే బాగుండదని నవ్వారు. సింధూరి తలవంచుకుని, పక్కవాళ్ళని తప్పించుకుంటూ బయటికి నడిచింది.

"ఎక్కడికమ్మా? నీ వంతు రాలేదింకా," అన్న మాట ఆమె వెనకాలే వెళ్ళింది.

హన్నా ఆ టీముకి స్క్రమ్ మాస్టర్. పేరులో మాస్టర్ ఉందిగానీ ఎవరి మీదా పెత్తనం లేని ఉద్యోగం అది. పని చేసేవాళ్ళ దారికి అడ్డం వచ్చినవి తొలగించడమే ఆమె పని. నెలకి ముప్పై ఎనిమిది వేలు. హనుమాన్ జంక్షన్‌లో లారీల టైర్లకి పంక్చర్లు వేసే తండ్రి అంతోని మోకాళ్ళు అరిగి కూర్చున్నాక, ఇల్లు ఆ జీతం మీదే నడుస్తోంది.

జీతం కోసమే చేరినా, స్క్రమ్ అనే ఆ పని పద్ధతి మీద ఆమెకి నిజమైన నమ్మకం కుదిరింది. విజయవాడలో ట్రైనింగుకి వెళ్ళిన మొదటి రోజునే కుదిరింది. ఎంత చేయగలరో చేసేవాళ్ళే చెప్పాలట. రెండు వారాలకి సరిపడా పని వాళ్ళే ఎంచుకోవాలట. ఆ రెండు వారాల్ని స్ప్రింట్ అంటారు. రోజూ పొద్దున ఒక్క పావుగంట నిలబడి ఎవరికి ఏం అడ్డమొచ్చిందో చెప్పుకోవాలి. ఎక్కువసేపు సాగకూడదనే నిలబడడం. రెండు వారాలు కాగానే అయినంత పని అడిగినవాళ్ళకి చూపించి, తర్వాత టీము ఒక్కటే కూర్చుని ఏది బాగుంది, ఏది చెడిందని దాపరికం లేకుండా మాట్లాడుకోవాలి. దిద్దుకోవలసింది పనినేగాని మనిషిని దండించకూడదు. హన్నా తల్లి శౌరమ్మ నాట్లకు వెళ్ళినన్నాళ్ళూ, పొద్దుగూకేలోగా ఎంత నాటాలో గట్టు మీద నిలబడ్డవాడే చెప్పేవాడు. నడుములు వంచినవాళ్ళనే అడిగే పద్ధతి ఒకటి లోకంలో ఉందని తెలిసినప్పుడు హన్నాకి ప్రాణం లేచొచ్చింది.

ఈ ఆఫీసులో ఆ మాటలన్నీ ఉన్నాయి. వాటి అర్థమే ఎటో వెళ్ళిపోయింది. పని కష్టాన్ని బట్టి టీము పాయింట్లు వేసుకుంటుంది. ఈ స్ప్రింటుకి ముప్పై పాయింట్ల పనే చేయగలమని అందరూ కూర్చుని తేల్చారు. లక్ష్మీకాంత్ వచ్చి యాభై అన్నాడు.

"పాయింట్లు మీరే వేసుకున్నారుగా, నేనేమన్నా వేశానా? క్లయింటుకి నేను యాభై చెప్పేశాను. నా మీద కూడా ఒకడున్నాడమ్మా," అన్నాడు.

ఆ క్లయింటు కైకలూరు వైపు రొయ్యల మేత అమ్మే కంపెనీ. చెరువుల రైతులు ఫోన్లోనే మేత బుక్ చేసుకోడానికి ఆ కంపెనీవాళ్ళు యాప్ చేయించుకుంటున్నారు. శుక్రవారం అయిన పని చూసుకోడానికి వాళ్ళ తరఫున దుర్గాప్రసాద్ అనే ఆయన వచ్చాడు. పవన్‌కుమార్ పెద్ద తెర మీద ఆర్డరు పెట్టి చూపించాడు. ఒక్కసారి నొక్కితే ఆర్డరు రెండుసార్లు పడింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ రెండు.

"ఒక్క చెరువుకి రెండు లారీల మేతేంటండీ బాబూ? మా రైతు గట్టు మీదే గుండె పట్టుకుంటాడు," అని పెద్దగా నవ్వాడు దుర్గాప్రసాద్.

లక్ష్మీకాంత్ కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి హన్నాకి భయమేసింది.

భోజనాలయ్యాక చిన్న గదిలో టీము కూర్చుంది. దాన్ని వాళ్ళు రెట్రో అంటారు. దానికి మేనేజరు రాకూడదు. ప్రతిసారీ చెప్పినట్టే హన్నా చెప్పింది: "ఇక్కడ మాట్లాడుకున్నది ఈ గది దాటదండీ. ఎవరికి ఏమనిపిస్తే అది చెప్పండి."

ముందుగా సింధూరే గొంతు సవరించుకుంది.

"ఆ ఆర్డర్ల పని నాదేనండి. టెస్టు చెయ్యకుండానే అయిపోయిందని బోర్డు మీద జరిపేశాను." చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ ఆగింది. "ఆరింటి ఆఫీసు బస్సు తప్పితే నేను ఇల్లు చేరేసరికి పాప పడుకుంటోందండి. వారమంతా అలాగే అయింది. మొన్న మేలుకుని ఉన్నప్పుడు వెళ్ళి ఎత్తుకుంటే నా దగ్గర తాగలా. మొహం తిప్పేసుకుంది. పాలు కూడా తగ్గిపోయినాయి. ఆ పని జరిపేసిన రోజు ఎట్లాగైనా బస్సు అందుకుందామని... తప్పేనండి. నాకు తెలుసు."

ఎదురుగా కూర్చున్న జయపాల్ తన మంచినీళ్ళ సీసా ఆమె ముందుకి జరిపాడు. వయసులో అందరికన్నా పెద్దవాడు, మాట తక్కువ మనిషి.

"అంత పని ఒక్క మనిషి నెత్తిన పెడుతుంటే మనమంతా చూస్తా కూర్చున్నాం. అది మన తప్పండి," అన్నాడు.

ఇకనుంచి ఏ పనినైనా ఇద్దరు చూశాకే అయిందనాలనుకున్నారు. వచ్చే స్ప్రింటుకి ముప్పై దాటి తీసుకోకూడదనుకున్నారు. పవన్‌కుమార్ ఏదో హాస్యమాడితే సింధూరి కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. ఇన్నాళ్ళకి ఈ పద్ధతి ఎలా ఉండాలో అలా ఉందనుకుంది హన్నా. ఆ ఆఫీసులో ఆమె సంతోషంగా గడిపిన గంట అదే.

ముప్పైకి తగ్గించాలంటే లక్ష్మీకాంత్ ఒప్పుకోవాలి. ఆ సాయంత్రమే హన్నా అతని అద్దాల గదిలోకి వెళ్ళింది. ఎందుకు తగ్గించాలని అడిగాడతను. మనుషులు అలిసిపోయారని చెప్పింది. అలిసిపోనిదెవరన్నాడు. పంతం పట్టిన పిల్లలా, అతని మనసు కరిగించాలని, హన్నా సింధూరి సంగతి చెప్పింది. బస్సు సంగతి, పాప మొహం తిప్పుకున్న సంగతి, అంతా చెప్పింది.

అతను శ్రద్ధగా విన్నాడు. టీ తెప్పించాడు.

"అయ్యో, నాతో ఒక్క మాటన్నా అనలేదే! మా ఇంట్లోనూ పసిపిల్ల ఉందమ్మా, నాకు తెలీదా?" అన్నాడు. టీ సగం తాగి మెల్లిగా అడిగాడు: "టెస్టు చెయ్యకుండా జరిపేశానని తనే ఒప్పుకుందా?"

"ఒప్పుకోవడమేంటి సర్, తనంతట తానే చెప్పింది."

"అదేలే," అన్నాడు లక్ష్మీకాంత్.

గది బయటికి వచ్చేటప్పుడు హన్నా మనసు తేలికగా ఉంది.

సోమవారం హెచ్.ఆర్. వాళ్ళు సింధూరిని పిలిచారు. మధ్యాహ్నం భోజనాల వేళకి ఆమె తిరిగొచ్చింది. డెస్కు కింది చెప్పులు, కప్పు, గుడ్డలో చుట్టి దాచుకున్న పాల పంపు ఒక సంచిలో సర్దుకుంది. తనంతట తానే మానేస్తున్నట్టు సంతకం పెట్టించుకున్నారు. అలా అయితే బయట ఇంకోచోట ఉద్యోగం దొరుకుతుందని, లేకపోతే పని ఎగ్గొట్టి అబద్ధం చెప్పిందని రాయాల్సి వస్తుందని మర్యాదగానే చెప్పారట. "వస్తానండీ," అని అందరికీ కలిపి ఒకేసారి చెప్పింది. హన్నా వైపు చూడలేదు. ఆమె పని మిగతావాళ్ళకి పంచారు. యాభై యాభైగానే ఉండిపోయింది.

ఆదివారం ప్రార్థన అవగానే హన్నా విజయవాడ బస్సెక్కింది. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కుంది. సింగ్‌నగర్‌లో మేడ మీది రెండు గదుల ఇల్లు. సింధూరి అత్తగారు కనకలక్ష్మి తలుపు తీసి, "రామ్మా, కూర్చో. ఎండనపడి వచ్చావు," అని మంచినీళ్ళిచ్చింది. ఆవిడకి ఏమీ తెలిసినట్టు లేదు.

సింధూరి చాప మీద కూర్చుని సీసాతో పాపకి డబ్బా పాలు పడుతోంది. పాప గటగటా తాగుతూ తల్లి మొహంకేసే చూస్తోంది.

"నా వల్లే సింధూరీ. మీ మీద పని తగ్గిస్తారని చెప్పాను. అంతకన్నా నా మనసులో ఏం లేదు," అంది హన్నా. కూడబలుక్కున్నవన్నీ పోయి ఆ రెండు ముక్కలే మిగిలాయి.

"తెలుసండి. మీరు చెడు చేసే మనిషి కాదు." సింధూరి గొంతులో కోపం లేదు. "కానీ నేను మీ ఒక్కళ్ళతో చెప్పుకోలేదండి. అక్కడున్న అందరినీ నమ్మి చెప్పాను. మా ఆయనతో కూడా అట్లా చెప్పలా. ఇక మీదట ఎక్కడ చేరినా నోరు తెరవనండి. అదొక్కటే నాకు బాధగా ఉంది."

పాప సీసా వదిలేసింది. సింధూరి భుజాన వేసుకుని వీపు నిమురుతూ కిటికీ వైపు తిరిగింది. కాఫీ తాగి వెళ్ళమని కనకలక్ష్మి బలవంతపెట్టింది. హన్నా సగం తాగి, గ్లాసు కింద పెట్టి లేచింది.

మళ్ళీ రెండు వారాలకి రెట్రో వచ్చింది. అదే గది. ఒక కుర్చీ ఖాళీ. ఏది బాగుందని హన్నా అడిగితే అంతా బాగుందన్నారు. ఏది చెడిందంటే ఏమీ లేదన్నారు. పవన్‌కుమార్ ఫోన్ చూసుకుంటున్నాడు.

"పోయినసారి ఇక్కడి మాట బయటికి చేర్చింది నేనేనండి," అంది హన్నా.

"మాకు తెలుసండి," అన్నాడు పవన్‌కుమార్, ఫోన్లోంచి తలెత్తకుండానే.

హన్నా ఇక లేవబోయింది. అప్పుడు జయపాల్ బల్ల మీద రెండు చేతులూ ఆనించి అన్నాడు: "నేనొకటి చెప్పాలండి. ఆ స్ప్రింటులో నేను కూడా రెండు పనులు టెస్టు చెయ్యకుండానే జరిపేశాను. మేత రేట్ల పని ఒకటి. అది ఇంకా పట్టుబడలేదంతే. ఆ అమ్మాయి చెప్పిన రోజే చెబుదామనుకున్నా. నోరు రాలా. మంచినీళ్ళు ఇచ్చి ఊరుకున్నా." హన్నా వైపు చూశాడు. "ఇప్పుడు చెప్పేశాను. మీ ఇష్టం."

అతనికి ఇద్దరు ఆడపిల్లలు, మంచం పట్టిన తల్లి అని అక్కడున్న అందరికీ తెలుసు. పవన్‌కుమార్ ఫోన్ పక్కన పెట్టేశాడు.

అరగంట కాకుండానే లక్ష్మీకాంత్ హన్నాని పిలిచాడు. అద్దాల గోడకి అవతల టీమంతా కనపడుతోంది.

"కైకలూరు నుంచి ఫోనొచ్చింది. రేట్లు పాతవే చూపిస్తున్నాయంట. ఇట్లా జరిపేసేవాళ్ళు సింధూరి ఒక్కత్తే కాదని నాకు తెలుసు. ఇంకెవరమ్మా? రెట్రోలో ఏమన్నారు?"

"చెప్పనండి," అంది హన్నా.

అతను వినపడనట్టు చూశాడు. "ఏంటి?"

"ఆ గదిలో మాట బయట చెప్పనండి. ఒకసారి చెప్పాను. ఇంక చెప్పను. రేట్లు మేం సరిచేస్తాం. ఎవరు అని మాత్రం అడగొద్దు."

"నాకు చెప్పడమే నీ ఉద్యోగం!"

"కాదండి."

లక్ష్మీకాంత్ కంప్యూటర్ వైపు తిరిగాడు. "సరే. సాయంత్రం హెచ్.ఆర్. వాళ్ళతో కూర్చుందాం. ఈసారి నీ సంగతే," అన్నాడు.

హన్నా బయటికొచ్చింది. మేం సరిచేస్తామని అన్నదిగానీ, ఆ మేంలో తను రేపు ఉంటుందో లేదో తెలియదు. అద్దంలోంచి అందరూ చూశారు, ఎవరికీ ఏమీ వినపడలేదు. జయపాల్ అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు. తన సొంత ఛార్జరు గోడలోంచి పీకి, తీగని నిదానంగా అరచేతికి చుట్టుకుంటున్నాడు. బల్ల మీద పిల్లల ఫొటో తీసేసి ఉంది.

"చెప్పలేదండి," అంది హన్నా దగ్గరికి వెళ్ళి.

జయపాల్ ఆమె మొహంలోకి చూశాడు. నమ్మాలని ఉందో, నమ్మడానికి భయమేస్తోందో తెలియని చూపు. తీగ సగం చేతికి చుట్టుకుని, సగం నేల మీద పడి ఉంది. అతను దాన్ని చుట్టనూ లేదు, విప్పనూ లేదు.