రెడ్డెమ్మ మళ్లీ ముద్ద కట్టిన శుక్రవారం

నేను ఒక సంగటి తెడ్డును. రాయచోటి దగ్గరి పల్లెలో, చింతకొమ్మను చెక్కి నన్ను చేసినవాడు రెడ్డెమ్మ వాళ్ల అన్న. కువైట్‌కు పనికి పోతున్న చెల్లెలి పెట్టెలో చీరల మధ్య నన్ను పడుకోబెట్టాడు. విమానం నన్ను మేఘాల మీదుగా మోసుకుపోయింది. చెట్టుగా ఉన్నప్పుడు కూడా నేనంత ఎత్తు ఎదగలేదు.

కువైట్‌లో ఒక పెద్దింట్లో రెడ్డెమ్మ చేసేది ఇంటిపని. వంటగది పెద్దది, అందులో తిండికి లోటు లేదు. అయినా ఆమె సింకు పక్కన నిలబడి, చల్లారిన రొట్టెను చాయ్‌లో ముంచుకుని తినేది. క్రమంగా రొట్టె కూడా మానేసింది. మనుషులు చిత్రమైనవాళ్లు. ఇరవై మందికి వడ్డించిన చెయ్యి తన నోటిదాకా రావడానికి బద్ధకిస్తుంది.

పెట్టెలో పడుకుని నేను వానను కలగంటూ ఉండేదాన్ని. మంచం మీద ఆమె కళ్లు తెరుచుకుని పడుకునేది. ఊళ్లో ఇంటినుంచి ఫోను మోగినా ఎత్తేది కాదు.

ఒక ఉదయం మూడో అంతస్తు బాల్కనీలో బట్టలు ఆరేస్తూ దుప్పటిని కిందికి వదిలేసిందట. అది గాలిలో తేలుతూ దిగుతుంటే, దాని వెంటే పోవాలన్నట్టు కడ్డీల మీదికి వంగిందట. ఇంటావిడ చూసి, పరుగున వచ్చి వెనక్కి లాగింది. ఆవిడ కోప్పడలేదు. భయపడింది. కారు తీయమని డ్రైవర్ చెండ్రాయుడికి చెప్పింది. అతనిది రాజంపేట.

ఆసుపత్రిలో డాక్టరు రక్తం బాగా తగ్గిందన్నాడు. మనసు డాక్టరుకు కూడా చూపించమన్నాడు. అక్కడ సుగుణ అనే తిరుపతి నర్సు ఉంది.

"ఏం తింటాండావమ్మా?"

"చాయ్. రొట్టె."

"ఎవురితో కలిసి తింటాండావు?"

రెడ్డెమ్మ చాలాసేపు ఏడ్చింది. సుగుణ ఆమె వీపు నిమిరి, "మాత్రలు ఇడవబాక. తిండి గూడా మందే. కానీ ఒక్కదానివే తినబాకమ్మా" అంది.

ఇదంతా చెండ్రాయుడు తర్వాత పొయ్యి దగ్గర కూర్చుని చెబుతుంటే విన్నాను. ఆ శుక్రవారం, సెలవునాడు, అతను రాగిపిండి తెచ్చాడు. ఇంటావిడ ఆ పూటకు వంటగదిని వాళ్లకే వదిలిపెట్టింది. రెడ్డెమ్మ నన్ను పెట్టెలోంచి తీసి, కడిగి, ఉడుకుతున్న పిండిలో దింపింది. చేతుల్లో సత్తువ లేదు. సంగటి అంతా ఉండలు కట్టింది.

చెండ్రాయుడు ఒక ముద్ద కొరికి, "అక్కా, ఇది సంగటా, గులకరాళ్లా?" అన్నాడు.

"తిను నాయనా, పండ్లు గట్టిపడతాయి!" అని రెడ్డెమ్మ నవ్వేసింది. ఆ దేశం వచ్చాక నేను విన్న ఆమె మొదటి నవ్వు అది. ఇంటావిడ కూడా చిటికెడు రుచి చూసి, మర్యాదకోసం మట్టి మింగినట్టు మింగింది.

సంగటి వల్లే జబ్బు నయమైందని నేను గొప్పలు చెప్పుకోను. మాత్రలు చాలాకాలం వాడింది. కొన్ని రోజులు మళ్లీ మబ్బుపట్టినట్టే గడిచాయి. కానీ శుక్రవారం తప్పలేదు. సుగుణ కూడా గోంగూర పట్టుకుని వచ్చేది. ఇంటినుంచి ఫోను మోగితే రెడ్డెమ్మ ఎంగిలి చేత్తోనే ఎత్తేది.

ఊరికి తిరిగిపోయే ముందు వారం ఆమె ఒక కొత్తపిల్లను వెంటబెట్టుకొచ్చింది. పేరు మస్తాన్‌బీ. పక్కింట్లో పనికి కుదిరింది. ఆ పిల్ల కళ్ల కింద నలుపు ఒకప్పుడు రెడ్డెమ్మ ముఖంలో నేను చూసినదే.

"ఆకలి లేదక్కా," అంది.

"నీకు లేకుంటే మాకుందిలే. కెలుకు, మే," అంటూ రెడ్డెమ్మ నన్ను ఆమె చేతిలో పెట్టింది.

ఆ చెయ్యి చల్లగా ఉంది. పొయ్యి మీద సంగటికి పెట్టిన నీళ్లు అప్పుడే మరగసాగాయి.