కరుణమ్మ ప్రార్థనలో నైజాం రాజు

పెళ్ళయి కంటోన్మెంట్‌లోని ఆ పెంకుటింటికి వచ్చినప్పటి నుంచి యూనీస్‌కు ప్రతిదీ ముద్దొస్తోంది. గడ్డం గీసుకుంటూ భర్త రాబిన్ తీసే కూనిరాగం, ఇద్దరి పేర్లూ చెక్కించిన స్టీలు గ్లాసులు, ఆదివారం పొద్దున అతను కాగితంలో కట్టించుకొచ్చే బొరుగుల ఉగ్గాణి, బజ్జీలు, అన్నీ ఎవరో తనకోసమే దాచి ఉంచి ఒక్కొక్కటిగా చేతికిస్తున్నట్టుంది.

అన్నిటికన్నా ఆమెకిష్టం సాయంత్రపు కుటుంబ ప్రార్థన. లైట్లు వేసే వేళకు హాల్లో చాప పరుస్తారు. మామ జీవానందం కీర్తన ఎత్తుకుంటాడు. రాగం ఒక దారిన పోతే ఆయన ఇంకో దారిన పోతాడు. తర్వాత ఆయన తల్లి కరుణమ్మ కళ్ళు మూసుకుంటుంది. అత్త లేని ఆ ఇంట్లో ఎనభై దాటిన ఆ పెద్దావిడ మాటే మాట. ఆమె ప్రార్థన టౌన్ బస్సులాంటిది, అందరి గడప ముందూ ఆగి గానీ కదలదు. పక్కింటి టోనీ నడుం నొప్పి దగ్గర్నుంచి ఢిల్లీలో ఏలేవాళ్ళ దాకా ఎవరినీ వదలదు.

మొదటి సాయంత్రమే యూనీస్ ఉలిక్కిపడింది.

"తండ్రీ, మా నైజాం రాజు ఉస్మాన్ అలీ దొరకు మంచి బుద్ధి ఇయ్యి. ఆయప్ప చుట్టూ చేరినోళ్ళ చెడ్డ మాటలు ఆయప్ప చెవిన పడనీయద్దు."

యూనీస్ ఒక కన్ను తెరిచింది. ఎదురుగా రాబిన్ కూడా ఒక కన్ను తెరిచి ఆమెనే చూస్తున్నాడు. నవ్వు ఆపుకోవడానికి ఇద్దరూ తల ఇంకా కిందికి వంచారు. చూసేవాళ్ళకు అది భక్తిలాగే కనిపించి ఉంటుంది.

"అవ్వ ఎప్పుడూ అంతే," అన్నాడు రాబిన్ తర్వాత. "నేను పుట్టినప్పటి నుంచి వింటాండా. ఆ రాజు మా ఇంట్లో మనిషే అనుకో."

యూనీస్ చరిత్రలో ఎం.ఏ. చేసింది, పీయూ కాలేజీలో ఇంటర్ స్థాయి పిల్లలకు పాఠం చెబుతుంది. పుస్తకాల్లో చదివిన రాజు తన ఇంటి చాప మీదికే వచ్చి కూర్చోవడం ఆమెకు ఎంత సంబరమో చెప్పలేం. ఒక మధ్యాహ్నం కరుణమ్మ చింతపండు గింజలు తీస్తుంటే తానూ పక్కన చేరి, ఉన్నదంతా చెప్పేసింది. పాతికేళ్ళకే గద్దెనెక్కడం, ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరుండి కూడా మాసిన టోపీతో తిరగడం, వజ్రాన్ని కాగితాల మీద బరువుకు పెట్టుకున్నాడని జనం చెప్పుకోవడం. కట్టించిన ఆసుపత్రి, యూనివర్సిటీ. తుంగభద్ర డ్యాంకు అవతలి గట్టున ఆయన సర్కారే పని మొదలుపెట్టడం. ఆఖరున దేశంలో కలవనని పట్టుబట్టడం, రజాకార్ల ఆగడాలు, సైన్యం రావడం.

"అరవై ఏడులో పోయినాడవ్వా. శవం వెంట జనం కొన్ని లక్షల మంది నడిచినారంట," అని, ఆ ఊపులోనే, "మన సంఘంలో పోయినోళ్ళ కోసం ప్రార్థన చేయరు గదా. నువ్వింకా ఆయనకు మంచి బుద్ధి ఇయ్యమని అడుగుతావుంటే దేవుడు ఏమనుకుంటాడో," అని నవ్వింది.

కరుణమ్మ నవ్వలేదు. చేతిలోని గింజను గిన్నెలో వేసి, "అదీ నిజమే," అంది.

ఆ సాయంత్రం కీర్తన అయ్యాక ఆమె కొడుకు వైపు చూసి, "నువ్వే చెయ్యప్పా," అంది. మర్నాడూ అదే మాట. ఆ తర్వాతా అంతే. జీవానందం రిటైరయిన హెడ్‌మాస్టరు. ఆయన ప్రార్థన స్కూలు సర్క్యులరులా మొదలైన చోటే ముగిసేది. టోనీ నడుం సంగతి ఎవరూ ఎత్తడం లేదు. అన్నం వేళకు ముందే చాప చుట్టేసి, ఏం చేయాలో తోచక ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు.

"అవ్వకు నా మీద కోపమా?" అని యూనీస్ రాబిన్‌ను అడిగింది.

"కోపమైతే తిట్టేది. తిట్టలే గదా, అదే బాధ," అన్నాడు అతను.

యూనీస్‌కు గ్లాసుల మీద పేర్లు కూడా కళ తప్పినట్టు కనిపించాయి. ఈ ఇంట్లో తనకు అన్నిటికన్నా నచ్చిన గొంతును తన చేతులారా ఆపేసింది. క్షమించమని అడిగితే, "నువ్వేం తప్పన్నావు పాపా," అని ముసలామె మధ్యలోనే ఆపేస్తోంది. తప్పు లేదన్నాక ఇక దేనికి క్షమాపణ?

శ్రావణంలో కంప్లిలో చుట్టాల ఇంట్లో బిడ్డను దేవునికి అప్పగించే ప్రతిష్ఠ ప్రార్థన జరిగింది. రాబిన్‌కు సెలవు దొరక్క, మామ ఇంటికి కాపలా ఉండిపోవడంతో యూనీసే కరుణమ్మను బస్సులో తీసుకెళ్ళింది. భోజనాలయ్యాక ముసలామె, "ఏటి కాడికి పోదాం," అంది. ఆటోలో వెళ్ళారు. డ్యాం గేట్లు ఎత్తారేమో, తుంగభద్ర ఒడ్డును ఒరుసుకుంటూ ఎర్రగా పారుతోంది. అవతల గంగావతి వైపు వరినాట్లు లేత పచ్చగా ఉన్నాయి.

"ఆ పక్కదే మా ఊరు," అంది కరుణమ్మ, బండ మీద కూర్చుని. "నైజాం రాజ్యం. ఈడ బ్రిటిషోళ్ళది. మా నాయన ఆడ సంఘానికి వాక్యం చెప్పే ఉపదేశి. ఏలేవాళ్ళ కోసం దినామూ ప్రార్థన చేయల్లని ఆయన నియమం. ఒకసారి మా తమ్మునికి జ్వరం పెట్టి పోతాడనుకుంటే, రాజు పెట్టించిన ఆసుపత్రిలోనే బతికె. మా అమ్మ ఆ రాజు పేరు చెప్పి ఏడ్సె, సంతోషంతో."

"తర్వాత?"

"తర్వాత రజాకార్లు వచ్చిరి. మా ఇల్లూ కాల్చిరి, రెడ్లిల్లూ కాల్చిరి. అందరం ఒకే పుట్టిలో ఏరు దాటితిమి. బుట్ట మాదిరి పడవ గదా, గిరగిరా తిరిగేది. చట్టి, చాప, మేకపిల్ల, అన్నీ మా ఒళ్ళోనే. పుట్టిలో ఒక పెద్దాయప్ప రాజు వంశం నాశనమై పోవాలని శాపం పెడతా ఉండె. అప్పుడు పొద్దు గూకె. మా నాయన కళ్ళు మూసుకోని, దినామూ చేసేదే మొదలుపెట్టె. రాజు పేరు ఎత్తేసరికి, ఈ ఉపదేశిని ఏట్లోకి తోయండ్రా అని అందరూ లేచిరి. పుట్టి ఒరిగె. మా అమ్మ ఆయన నోరు మూసె. ప్రార్థన సగంలో నిల్చిపాయె."

యూనీస్ ఆమెకు ఇంకాస్త దగ్గరగా జరిగి కూర్చుంది.

"ఈ ఒడ్డున క్యాంపులో వాంతులు తగులుకోని వారంలోనే నాయన పాయె. రాజు చచ్చినాడని రేడియోలో నేనూ విన్నాలే పాపా. అంత ఎర్రిదాన్ని కాదు. ఆ సాయంత్రం మానేద్దామనుకుంటి. నాయన సగంలో ఇడిసిపెట్టిందాన్ని నేనూ ఇడిసిపెడితే ఎట్లా అనిపించె. నోరు మాట వినలే."

"ఆ రాజు మంచోడా, చెడ్డోడా అవ్వా?"

"నువ్వు గదా చదువుకున్నదానివి. నువ్వు చెప్పు."

పరీక్షలో అడిగితే యూనీస్ రెండు పేజీలు రాయగలదు. కానీ ఈ బండ మీద, తమ్ముడు బతికిన ఆసుపత్రికీ కాలిపోయిన ఇంటికీ మధ్య కూర్చున్న మనిషికి ఆ రెండు పేజీల్లో ఏ వాక్యం చెప్పాలో తెలియలేదు.

"మీ నాయన ఎందుకు చేసినాడు మరి, అంత జరిగినాక?"

"అడిగితి. ఆయప్పకు బుద్ధి రాకుంటే మనకే గదా కష్టం, అనె." కరుణమ్మ చిన్నగా నవ్వింది. "అంతేనంట. నేనేదో పెద్ద మాట చెప్తాడనుకుంటి."

ఇంటికి వచ్చేసరికి చాప పరిచి ఉంది. జీవానందం కీర్తన ముగించి గొంతు సవరించుకున్నాడు. కరుణమ్మ చేత్తో ఆపి, "ఈ పొద్దు యూనీసు చేస్తాది," అంది.

సండే స్కూల్లో ప్రతి ఏడూ బహుమతి కొట్టిన యూనీస్ మాటలు వెతుక్కుంటూ మొదలుపెట్టింది. ఏరు దాటి వచ్చినవాళ్ళ కోసం కృతజ్ఞత చెప్పింది. వెయ్యి తొమ్మిది వందల ఇరవై ఐదులో కట్టిన ఆసుపత్రికీ, అక్కడ బతికిన పిల్లలకూ స్తోత్రం చెప్పింది. కాలిన ఇళ్ళ సంగతీ చెప్పింది. "ఉస్మాన్ అలీ ఖాన్..." అని ఆగిపోయింది. పోయిన మనిషికి ఏమి అడగాలి? అడగకుండా ఎలా దాటాలి? వంటింట్లో కుక్కరు కూత వేసింది. ఎవరూ లేవలేదు.

అప్పుడు ఆమె పక్క నుంచే ఆ గొంతు లేచింది.

"తండ్రీ, ఆయప్ప లెక్క నువ్వు చూసుకునేదే. మాకు ఇప్పుడు ఏలేవాళ్ళు ఉండారు. ఢిల్లీలో ఉండారు, బెంగళూరులో ఉండారు. వాళ్ళ చెవిలో చెడ్డ మాట పడనీయద్దు. మన వార్డు మెంబరుకు బుద్ధి ఇయ్యి, మోరీ పని సగంలో వదిలేసినాడు. టోనీ నడుము..."

అట్లా మొదలై అది ఎక్కడెక్కడో తిరిగింది. కాలువలో నీళ్ళు, పక్క వీధిలో మారెక్క కూతురి కాన్పు, రాబిన్ బండి బ్రేకులు. కుక్కరు ఎన్ని కూతలు వేసిందో ఎవరూ లెక్కపెట్టలేదు. అందరూ ఆమేన్ అన్నాక జీవానందం వంటింట్లోకి పరుగెత్తాడు.

కరుణమ్మ మోకాలు పట్టుకుని లేస్తూ యూనీస్ భుజం మీద చెయ్యి ఆనించింది.

"బాగానే చేసినావు," అంది. "అయితే ప్రార్థనలో ఏండ్లు, తారీఖులు వద్దు పాపా. ఆయనకు తెలుసు అవన్నీ."

వంటింట్లోంచి మామ కేక వినిపించింది, పప్పు మాడిందని. ఆ వాసన కూడా యూనీస్‌కు ముద్దొచ్చింది.